మునీర్ వాకిట్లో గేరుబాక్సు

ఇచ్చోడలో హైవే దిగి లోపలికి వస్తే మూడో సందులో మునీర్ ఇల్లు. మాది ఎదురిల్లు. ఆయన వాకిట్లో మనిషి నిలబడితే మెడ దాకా వచ్చే గుంత ఒకటి ఉంది. నాలుగు వైపులా రాళ్లు పేర్చి కట్టిన గుంత. దాని మీదికి లారీని తెచ్చి నిలిపి, కింద నిలబడి పని చేస్తాడు. గేరుబాక్సు పని తప్ప ఇంకో పని ముట్టడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. మాట తక్కువ. ఇప్పుడు చెప్పబోయే సంగతి కూడా నాకు ఎక్కువగా ఆయన భార్య హఫీజా చెప్పిందే. ఆమె వరండాలో కూర్చుని బొంతలు కుడుతుంది కాబట్టి, వాకిట్లో జరిగేది ఏదీ ఆమె కన్ను దాటిపోదు.

ఒకప్పుడు మునీర్‌కు హైవే మీదే షెడ్డు ఉండేది. పదేళ్ల కింద ఒక లారీకి గేరుబాక్సు బాగు చేసి పంపాడు. రెండు వారాల తర్వాత పోలీసులు వచ్చారు. అది దొంగ లారీ అట. పదకొండు రోజుల పాటు పొద్దున స్టేషనుకు పోయి, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుని వచ్చాడు. చివరికి నీ తప్పేం లేదు పొమ్మన్నారు. కానీ ఆ పదకొండు రోజుల్లో షెడ్డు యజమాని తాళం మార్చేశాడు. "దొంగ బండ్ల మునీర్" అనే పేరు ఊళ్లో మిగిలింది. అప్పటి నుంచి పని ఇంటి దగ్గరే. తెలిసినవాళ్లు పంపితేనే బండి తీసుకుంటాడు. తీసుకునే ముందు చాసిస్ మీద కొట్టిన నంబరును కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఒక్కో అక్షరం కాగితంతో పోల్చి చూస్తాడు. ఎదుటి మనిషి మొహం మాడ్చుకున్నా లెక్క చేయడు.

పోయిన ఏడాది పత్తి సీజను మొదలైన రోజుల్లో, ఒక పొద్దున పంక్చరు షాపు హనుమండ్లు తన ట్రాక్టరుకు తాడు కట్టి ఒక ఖాళీ లారీని మునీర్ వాకిట్లోకి లాక్కొచ్చాడు. లారీ స్టీరింగు దగ్గర ముప్పై అయిదేళ్ల మనిషి ఒకడు ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, నిద్ర లేని కళ్లతో. దిగీ దిగగానే మునీర్‌ను కాకుండా గుంతను చూశాడు, గోడ వారగా పడి ఉన్న పాత గేర్లను చూశాడు, గేటును చూశాడు.

"రోడ్డు మీద ఆగిపోయిండు మునీర్ భాయ్. జర చూడు," అని హనుమండ్లు తాడు విప్పుకుని వెళ్లిపోయాడు.

"ఎక్కడికెళ్లి వస్తున్నవ్ సేటు?" అని మునీర్ అడిగాడు.

"సిరిసిల్ల దిక్కు. పత్తి బేళ్లు ఎత్తుకుందామని ఆదిలాబాద్ పోతున్న. మూడో గేరు నిలుస్తలేదు. వేస్తే ఎగిరి బయటికొస్తుంది. నిన్నటి సంది నాలుగోది కూడ గంతే."

"కాగితాలు తియ్యి."

ఆ మనిషి జేబులోంచి మడతలు పడ్డ జిరాక్సు తీశాడు. దాని మీద పేరు అరుణ్‌కుమార్ అని ఉంది.

"నీ పేరేనా?"

"కాదు. నా పేరు సుధాకర్. అరుణ్‌కుమార్ మా బావ, మా అక్క మొగడు. మంచిర్యాలల ఉంటడు. బండి నాకమ్మిండు. ఇంకా పేరు మార్చలే."

"ఒరిజినల్ ఏది మరి?"

"ఆయన దగ్గర్నే ఉంది."

మునీర్ ఆ కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు. పేరు వేరు, కాగితం జిరాక్సు. పదేళ్ల కింద వచ్చిన మనిషి కూడా బండి మా మామది అని చెప్పాడు. మునీర్ కిరోసిన్ గుడ్డ తెచ్చి నంబరు తుడిచాడు. అక్షరాలన్నీ కలిశాయి. అంకెల చుట్టూ ఆకురాయి గీతలు ఉన్నాయేమోనని వేలుతో తడిమి చూశాడు. లేవు. ఫోన్లో బండి నంబరు కొడితే యజమాని పేరు అరుణ్‌కుమార్ అనే వచ్చింది. దాంతో బండి అరుణ్‌కుమార్‌దని తేలింది గానీ, ఎదురుగా ఉన్నవాడు ఆయన బామ్మర్ది అని తేలలేదు కదా. అయినా హనుమండ్లు తెచ్చిన బండి. వెనక్కి పంపుదామన్నా మొదటి రెండు గేర్లతో హైవే మీద ఎంత దూరం పోతుంది?

"సరే, గుంత మీదికి తీస్కరా," అన్నాడు.

సుధాకర్ కదలలేదు. "ఒక మాట చాచా. నేను ఈడ్నే ఉంట. నా ముంగటనే విప్పాలె. ఏ పురుజు తీసినా నాకు చూపియ్యాలె."

ఆ మాటకు వరండాలో హఫీజా సూది ఆగిపోయింది.

పని మొదలైంది. చక్రాలకు రాళ్లు పెట్టారు. బ్యాటరీ వైరు తీశారు. మునీర్ గుంతలోకి దిగితే, వెనకే సుధాకర్ కూడా దిగాడు. ఒక చేతిలో ఫోను. ఇంకో చేతిలో సుద్దముక్క. తనకు తెలియకుండా తిప్పితే పట్టుబడేలా, కనిపించిన ప్రతి బోల్టు మీదా అడ్డగీత గీశాడు. ఆ తర్వాత ఫోనులో వీడియో పెట్టి, మునీర్ చేతుల మీదికి తిప్పాడు. ముప్పై అయిదేళ్లుగా ఈ పని చేస్తున్న మునీర్‌కు, తన చేతులను ఎవరో అలా పట్టి చూడటం అదే మొదటిసారి.

"పెండ్లి వీడియోనా సేటు?" అన్నాడు.

సుధాకర్ నవ్వలేదు. "మస్తుమంది చెప్పిండ్రు చాచా. డబ్బా ఇప్పుతరు, మంచి గేర్లు తీస్కుంటరు, అరిగిపోయినయ్ పెడ్తరు."

గేరుబాక్సును లారీల వాళ్లు డబ్బా అనే అంటారు. దాని అడుగున నూనె దించే బిరడా ఉంటుంది. ఈ బండికి ఆ బిరడా మీద ఎర్ర రంగు పూసి ఉంది. "అది సీలు. మా బావనే వేయించిండు. వీడియో తీస్త, అప్పుడు తియ్యి," అన్నాడు సుధాకర్. వీడియో మొదలయ్యాకే మునీర్ పానా తిప్పాడు. ఎర్ర రంగు పెచ్చులుగా రాలి, బిరడా ఊడింది. కింద పెట్టిన బేసినులోకి నూనె పడింది. ధారగా పడలేదు. నల్లగా, ముద్దలు ముద్దలుగా జారింది. సుధాకర్‌కు అది మురికి నూనెలాగే కనిపించింది. మునీర్ మాత్రం చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు. మెత్తగా, పీచుపీచుగా తగిలింది.

రంపపు పొట్టు.

ఆయన మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. గేర్లు అరిగిపోయిన బండిని అమ్మేవాళ్లు చేసే పని అది. నూనెలో రంపపు పొట్టు కలిపి పోస్తే, కొన్నాళ్లు చప్పుడు వినపడదు. కొనేవాడు నడిపి చూసి, బండి పట్టులా ఉందనుకుంటాడు. నెలా రెండు నెలల్లో ఆ పొట్టే నూనె దారులకు అడ్డం పడి, మిగిలిన గేర్లను కూడా తినేస్తుంది. మునీర్ మనసులో లెక్క చకచకా కుదిరింది. ఒరిజినల్ కాగితం లేదు. పేరు తనది కాదు. లోపల పొట్టు. వీడు ఈ బండిని ఎవడికో అంటగట్టడానికి తీసుకుపోతున్నాడు. దారిలో ఆగిపోయే సరికి పైపైన సర్దించుకుందామని తన దగ్గరికి వచ్చాడు. రేపు కొన్నవాడు మోసపోయానని లబోదిబోమంటే, ఆఖరున డబ్బా విప్పిందెవరు? దొంగ బండ్ల మునీర్.

బేసినును తీసుకెళ్లి గోడ పక్కన పెట్టి, పైన గోనెసంచి కప్పాడు. డబ్బా మొత్తం కిందికి దించి, లోపల ఏముందో చూసి, అప్పుడు మాట్లాడదామనుకున్నాడు.

ఆ గోనెసంచి కప్పడం సుధాకర్ చూశాడు.

మధ్యాహ్నం హఫీజా జొన్నరొట్టె, పప్పు తెచ్చి అరుగు మీద పెట్టింది. "తిను బిడ్డా," అంది. "వద్దు. నా దగ్గర ఉంది," అని సుధాకర్ లారీ ఎక్కి బిస్కెట్ పొట్లం తీసుకున్నాడు. చాయ్ ఇస్తే కూడా అదే మాట. హఫీజాకు ఒళ్లు మండింది. వాళ్లిద్దరూ ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. నాకు చెప్పేటప్పుడు మాత్రం తెలుగులో చెప్పింది. "అజీ, మనమేమన్న మందు కలిపి పెడ్తున్నమా? గింత అనుమానం మనిషి నేను చూడలే," అందట. "ఆని సంగతి వేరే ఉంది. నువ్వు మాట్లాడకు," అన్నాడట మునీర్.

మధ్యాహ్నం తర్వాత అసలు పని. వెనక చక్రాలకు పోయే పొడవాటి షాఫ్టును విప్పి పక్కన పెట్టారు. క్యాబిన్లో గేరు రాడ్డు తీసి, కాళ్ల కింది రేకు ఊడదీశారు. ఒక తలుపులోంచి ఇంకో తలుపులోకి బలమైన ఇనుప పైపు అడ్డంగా దూర్చి, దానికి గొలుసు కప్పీ వేలాడదీశారు. ఇంజను వెనక భాగం జారకుండా కింద జాకీ నిలిపారు. అప్పుడు ఇంజనుకూ డబ్బాకూ మధ్య ఉన్న బోల్టులు ఒక్కొక్కటే తీశాడు మునీర్. సుధాకర్ వాటిని లెక్కపెట్టి గుడ్డలో మూట కట్టుకుని, ఆ మూటను తన జేబులోనే పెట్టుకున్నాడు. డబ్బా ఇద్దరు మనుషుల కంటే ఎక్కువ బరువు ఉంటుంది. పైన హఫీజా గొలుసు పట్టుకుంది. కింద మునీర్ దాన్ని వెనక్కి గుంజాడు. షాఫ్టు ముక్కు క్లచ్ ప్లేటులోంచి జారి బయటికి రాగానే డబ్బా ఒక్కసారి ఊగింది. సుధాకర్ ఫోను వదిలేసి రెండు చేతులా పట్టుకున్నాడు. మెల్లగా దించి, గుంత మీద అడ్డంగా వేసిన చెక్కల మీదికి జరిపారు. అప్పటికి సూర్యుడు దిగిపోయాడు.

చేతులకు గ్రీజు ఉండటంతో సుధాకర్ ఫోనును లారీ మెట్టు మీద పెట్టి, స్పీకరులోనే బావతో మాట్లాడాడు. వరండాలో దారం తెంపుకుంటున్న హఫీజాకు రెండు వైపులా మాటలు వినబడ్డాయి.

"బావా, డబ్బా కిందికి దించిండు."

"దించిండా? నీకేం చెప్పిన్రా నేను? సీలు తియ్యనియ్యకుమని చెప్పలేదా?"

"గేర్లు పడ్తలేవు బావా. ఏం చేయాలె?"

"నూనె పోసుకుంట నడుపుమన్న గదా. తెరిచిండా లోపల?"

"లే. రేపు తెరుస్త అన్నడు. నూనె తీసి ఏదో దాచిపెట్టిండు. నాకు గూడ అనుమానం వస్తుంది."

"చూసినవా! మార్చేస్తడు. ఎట్లున్నది అట్లనే ఎక్కియ్యమను. తాడు కట్టి గుంజుకొని మంచిర్యాలకు తీస్కరా. మనోడున్నడు ఇక్కడ. డబ్బా మాత్రం తెరవనియ్యకు. విన్నవా? తెరవనియ్యకు."

తెల్లవారి మునీర్ పానాలు సర్దుకుని డబ్బా దగ్గరికి వచ్చే సరికి, సుధాకర్ దానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"తెరువొద్దు చాచా. ఎట్లున్నది అట్లనే ఎక్కియ్యి. నేను పోత."

మునీర్ పానా కింద పెట్టాడు. "పోతవా? ఎటు పోతవ్? ఎవలకు అమ్ముతున్నవ్ బండి?"

"అమ్ముడేంది?"

"నాకు చెప్పకు. గిసొంటియి శాన చూసిన. బండి నీది కాదు. కాగితం నీ దగ్గర లేదు. లోపల ఏం పోసినవో నాకు తెల్సు. ఆఖరుకు నా పేరు బద్నాం చేస్తవ్."

"నేను పోసుడా? నువ్వు ఏం దాచినవో చెప్పు ముందు! ఆ సంచి కింద ఏమున్నది? నా గేర్లేనా?"

"జబాన్ సంభాలించుకో! నోరు జారకు!"

గొంతులు పెరిగాయి. నేను గేటు దాకా వెళ్లాను. ఇద్దరూ కొట్టుకుంటారేమో అనిపించింది. కానీ ఇద్దరిలో ఎవరూ ఎక్కడికీ పోలేరు. గేరుబాక్సు లేని లారీ సుధాకర్‌కు ఎందుకూ పనికిరాదు. ఎవరిదో తెలియని లారీని వాకిట్లో పెట్టుకుని, మునీర్ పోలీసులకు ఫోను చేయనూ లేడు, చేయకుండా ఉండనూ లేడు. చేసినా చిక్కే, మానినా చిక్కే. ఆయన ఫోను తీసి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అప్పుడు హఫీజా లేచింది. గోడ దగ్గరికి వెళ్లి గోనెసంచి తీసి, బేసిను ఎత్తుకొచ్చింది. బొంతకని పెట్టుకున్న పాత దుపట్టా ఒకటి ఖాళీ బకెట్టు మీద పరిచి, ఆ నూనెను అందులో వడగట్టింది. నూనె దిగిపోయాక గుడ్డలో మిగిలిన ముద్దను పేపరు మీద పరిచి, సుధాకర్ ముందు పెట్టింది.

"ఏంది బిడ్డా ఇది?"

సుధాకర్ వంగి చూశాడు. వేలుతో కదిపాడు. "కట్టె పొట్టు లెక్కున్నది."

"రంపపు పొట్టు. నువ్వు పోసినవా?"

"నేనెందుకు పోస్త చాచీ? మీరే పోసిండ్రేమో. నిన్న సంచి కప్పి పెట్టిండ్రు గదా!"

"మేము పోసినమా? సరే. నువ్వు నిన్న ఫోన్ల అంత తీసినవ్ గదా. చూడు మరి. మేమెప్పుడు పోసినమో నాకు గూడ చూపియ్యి."

సుధాకర్ ఫోను తీశాడు. వీడియోలో ఎర్ర రంగు బిరడా కనిపించింది. రంగు ఎక్కడా పగల్లేదు. పానా పడింది. పెచ్చులు రాలాయి. బిరడా ఊడీ ఊడకముందే నల్లటి ముద్ద ఒకటి దాని పక్క నుంచి జారి మునీర్ మణికట్టు మీద పడింది. అందులో పసుపుపచ్చని పీచులు స్పష్టంగా కనిపించాయి. సుధాకర్ అక్కడ ఆపాడు. వెనక్కి పోయి మళ్లీ చూశాడు. మూడోసారి చూశాక ఫోను జేబులో పెట్టుకుని, గుంత గట్టు మీద కూర్చుండిపోయాడు.

హఫీజా ఆగలేదు. "నిన్న నీ బావ ఫోన్ల మాట్లాడింది విన్న. గేర్లు దొంగతనమైతయని భయపడేటోడు, తెరిచి లెక్కవెట్టుకొమ్మంటడు. గాయనేమో తెరువకు, తెరువకు అంటడు. బండి గిక్కడ, ఆయన మంచిర్యాలల. ఆయనకెందుకు గంత పరేషాన్?"

సుధాకర్ పేపరు మీది పొట్టును మళ్లీ వేలుతో కదిపాడు. తర్వాత ఎవరూ అడగకుండానే చెప్పాడు. వాళ్ల నాన్న నడిపిన మరమగ్గాలు నాలుగు ఉండేవి. పని తగ్గి, చేతికి కూలి కూడా రాని రోజులు వచ్చాయి. బావే ఇంటికి వచ్చి, మగ్గాలు తీసెయ్యి, నా లారీ నీకిస్తా, పత్తి సీజనులో నిలదొక్కుకుంటావు అన్నాడు. మగ్గాలు పాత ఇనుము ధరకు పోయాయి. బండి తెచ్చి రెండు నెలలు. ఇచ్చేటప్పుడు బావ పదేపదే చెప్పింది ఒకటే. "మెకానిక్కుల్ని నమ్మకు. డబ్బా ముట్టనియ్యకు. కన్ను తియ్యకు."

"నాకు తన మీద అనుమానం రావొద్దని, మీ మీద అనుమానపడుడు నేర్పిండు చాచా," అన్నాడు చివరికి. "గంత మంచిగ చెప్పిండు. నేను నేర్చుకున్న."

మునీర్ ఆ మనిషి వైపు చూడకుండా పానా కోసం వంగాడు. ఆయనకు సిగ్గుగా ఉందని హఫీజా అంటుంది. కాదు, ఇంకా పూర్తిగా నమ్మలేదని నేనంటాను. ఆయన పానా చేతిలోకి తీసుకుని, "తెరుద్దామా బిడ్డా?" అని మాత్రం అడిగాడు. అప్పటిదాకా సేటు అన్న మనిషి, మొదటిసారి బిడ్డా అన్నాడు.

మూత తీసి చూస్తే లోపల పాడైపోయి ఉంది. మూడో గేరు పళ్ల అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. నాలుగో దానికి రెండు పళ్లు విరిగాయి. వెనక బేరింగు వేలుతో కదిపితే కదులుతోంది. మూల మూలలా రంపపు పొట్టు మేకు కొట్టినట్టు బిగుసుకుపోయింది. మునీర్ ఒక్కో గేరు తీసి సుధాకర్ చేతిలో పెట్టాడు. ఏది ఉంచుకోవచ్చో, ఏది పారేయాలో, ఎందుకు పారేయాలో చెప్పాడు. పొట్టు ఇంకో నెల ఉంటే, దిగుడు రోడ్డు మీద బండికి గేరు పట్టు లేకుండా పోయేదని కూడా చెప్పాడు. ఆ మాట విని సుధాకర్ చేతిలోని గేరు కింద పెట్టేశాడు.

మంచి గేర్లు, బేరింగు ఆదిలాబాద్ పాత సామాను కొట్లలో దొరుకుతాయి. సుధాకరే బస్సెక్కి వెళ్లాడు. గేటు దగ్గర ఒకసారి ఆగి వెనక్కి చూశాడు. విప్పిన డబ్బా, గేర్లు, లారీ అన్నీ మునీర్ వాకిట్లోనే ఉన్నాయి. బోల్టుల మూట మాత్రం సుధాకర్ తన జేబులోనే పట్టుకుపోయాడని ఆ తర్వాత తెలిసింది. సాయంత్రం తిరిగొచ్చాక, హఫీజా చూడటం లేదనుకుని, తను సుద్దతో గీసిన గీతలన్నీ ఒకసారి వంగి చూసుకున్నాడు. మునీర్ కూడా తక్కువేం తినలేదు. సుధాకర్ లేని పూట, సిరిసిల్ల వైపు తనకు తెలిసిన ఒక డ్రైవరుకు ఫోను చేసి, ఫలానా సుధాకర్ అని మరమగ్గాల మనిషి ఉన్నాడా లేడా అని కనుక్కున్నాడు. ఉన్నాడని తెలిశాకే, తెచ్చిన బేరింగు కొట్టడానికి సుత్తి పట్టాడు.

ఆ సాయంత్రం మాత్రం సుధాకర్ హఫీజా పెట్టిన అన్నం తిన్నాడు. తిన్నాక బావకు ఫోను చేశాడు. ఈసారి స్పీకరు పెట్టలేదు. కానీ గొంతు వినబడింది. "డబ్బా తెరిచినం బావా. పొట్టు కూడ తీసినం. వీడియో ఉంది. ఒరిజినల్ కాగితాలు పట్టుకొని ఎల్లుండి ఇచ్చోడకు రా. రాకుంటే అక్కకు పంపిస్త."

మూడో రోజంతా గేర్లు కూర్చోబెట్టడానికే సరిపోయింది. నాలుగో రోజు పొద్దున డబ్బా ఎక్కించడం మొదలుపెట్టారు. దించడం కంటే ఎక్కించడమే కష్టం. గొలుసుతో పైకి లేపి, షాఫ్టు ముక్కును క్లచ్ ప్లేటు మధ్యలోని రంధ్రంలోకి సూటిగా దూర్చాలి. షాఫ్టు మీద గాడులు, ప్లేటులో గాడులు ఒకదానికొకటి కలవాలి. వెంట్రుకంత తేడా ఉన్నా దూరదు. బలవంతం చేస్తే ప్లేటు వంగిపోతుంది. హఫీజా గొలుసు లాగింది. మునీర్ భుజంతో తోశాడు. నాలుగుసార్లు ముక్కు వచ్చి తగిలి ఆగిపోయింది. మునీర్‌కు చెమటలు పట్టాయి.

"ఆగు చాచా," అన్నాడు సుధాకర్. డబ్బా వెనక ఉన్న చక్రంలాంటి పట్టును చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకుని, కొంచెం కొంచెంగా తిప్పాడు. వేలాది పోగుల్లో తెగిన ఒక్క పోగును చూడకుండానే దొరకబుచ్చుకునే చేతులవి. "ఇప్పుడు తొయ్యి. జోరుగ కాదు. జర..." మునీర్ తోశాడు. టక్‌మని చిన్న చప్పుడుతో ముక్కు లోపలికి జారి, డబ్బా ఇంజనుకు అతుక్కుంది.

మునీర్ గుంతలోనే నిలబడి ఊపిరి పీల్చుకుని, "ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్ గీ పని?" అని అడిగాడు. సుధాకర్ మొదటిసారి నవ్వాడు.

బోల్టులు బిగిస్తుండగా గేటు ముందు కారు ఆగింది. అరుణ్‌కుమార్ దిగాడు. నలభై అయిదేళ్లు ఉంటాయి. ఇస్త్రీ చొక్కా. వాకిట్లోకి రాగానే మునీర్ వైపు వేలు చూపించి, "గీయననేనా? గిసొంటోళ్లు పొట్టు వాళ్లే పోస్తరు, వాళ్లే తీస్తరు. నీకు తెల్వది సుధాకర్," అన్నాడు.

సుధాకర్ వీడియో పెట్టి ఫోను ఆయన చేతికిచ్చాడు. అరుణ్‌కుమార్ వీడియో సగం చూసి ఫోను తిరిగిచ్చాడు. మునీర్ వైపు చూడలేదు.

"అందరు చేసేదే రా," అన్నాడు గొంతు తగ్గించి. "నేను కొన్నప్పుడు నాక్కూడ గట్లనే ఇచ్చిండ్రు. రేపు నువ్వు అమ్మినా గంతే చేస్తవ్."

"చెయ్య," అన్నాడు సుధాకర్.

ఆ మాట విన్నప్పుడు మునీర్ తల దించుకున్నాడని హఫీజా చెప్పింది. రెండు రోజుల కింద ఆయన కూడా ఈ మనిషి గురించి అదే అనుకున్నాడు కదా.

అరుణ్‌కుమార్ ఒరిజినల్ కాగితాలు ఇచ్చాడు. పేరు మార్చే కాగితాల మీద లారీ బానెట్టు మీదే సంతకాలు పెట్టాడు. పెట్టాక, "మీ అక్కకు చెప్పకు," అన్నాడు. సుధాకర్ కాగితాలు మడిచి, "చెప్ప," అన్నాడు. అంతే. కారు వెళ్లిపోయింది. కొత్త నూనె పోసి, సుధాకర్ బండిని హైవే మీద ఇచ్చోడ దాటి నాలుగు మైళ్లు నడిపి తెచ్చాడు. మూడో గేరు నిలిచింది. నాలుగోదీ నిలిచింది. సాయంత్రానికి ఆదిలాబాద్ వెళ్లిపోయాడు.

ఆ సీజనంతా ఆయన బండి ఈ దారినే తిరిగింది. నూనె మార్చాలన్నా, గ్రీజు కొట్టించాలన్నా మునీర్ దగ్గరికే వస్తాడు. ఇప్పుడు ఫోను తీయడు, సుద్ద గీయడు. గుంతలోకి మాత్రం దిగుతాడు. దిగి, పక్కన నిలబడి చూస్తాడు. మునీర్ పక్కకు జరిగి చోటిస్తాడు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం లారీ వచ్చి ఆగితే, అందులోంచి ఒక ఆడమనిషి దిగింది. సుధాకర్ అక్క వనజ. ఆదిలాబాద్‌లో చుట్టాలింటికి పోతూ తమ్ముడి బండి ఎక్కిందట. మునీర్, సుధాకర్ బండి కింద ఉన్నారు. వనజ వరండాలోకి వచ్చి హఫీజా పక్కన కూర్చుంది. బొంత అంచు పట్టుకుని కుట్లు చూసింది. బాగుందని మెచ్చుకుంది. కాసేపాగి అడిగింది.

"చాచీ, మా తమ్ముని బండి మీ ఇంట్లనే బాగైందట. ఏమైండె దానికి?"

"గేర్లు అరిగినయ్ బిడ్డా."

"మా ఇంటాయన ఇచ్చినప్పుడు మంచిగనే ఉండె గదా? చప్పుడు గూడ లేకుండె. మా తమ్ముడు తీస్కపోయిన్నాడు నేను గూడ ఎక్కి కూసున్న."

హఫీజా గుంత వైపు చూసింది. అక్కడ సుధాకర్ పని ఆపి, తల ఎత్తకుండా నిలబడి ఉన్నాడు. మాట వింటున్నాడని తెలుస్తూనే ఉంది.

"బండ్లన్నంక అరుగుతయ్ బిడ్డా," అంది హఫీజా.

వనజ సరేనన్నట్టు తల ఊపింది. ఊపి, హఫీజా మొహం వైపు ఇంకా కాసేపు చూసింది. తర్వాత గుంత వైపు చూసింది. పండగకు పోయినప్పుడు తమ్ముడు తమ ఇంట్లో సరిగ్గా మాట్లాడలేదని, వడ్డించిన కూడు సగంలో వదిలి లేచిపోయాడని, మొగుడేమో తమ్ముడి పేరెత్తితే మాట మారుస్తున్నాడని ఒక్కొక్కటిగా చెప్పుకుపోయింది. ఎవరినీ ఏమీ అడగలేదు. హఫీజా కుట్టుకుంటూ విన్నది.

"ఆమె పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకొని, మళ్లొస్త చాచీ అన్నది," అని హఫీజా నాతో చెప్పింది. "ఈసారి వస్తే తమ్ముడు లేనప్పుడే వస్తది. నాకెర్కే. అప్పుడు నేనేం చెప్పాలె?"